వరహాలమ్మ ఎదురొస్తే

మధ్యాహ్నం భోజనమయ్యాక వరహాలమ్మకి ఓ కునుకు పడుతుంది. ఆ కునుకులో ఎప్పుడూ ఒకటే కల. కొబ్బరిచెట్ల మధ్య నుంచి లాంచీ వస్తూ ఉంటుంది. గోదారి మీద కాదు, కాలవలోనూ కాదు, ఉత్త నేల మీదే, మట్టల నీడల మీద తేలుకుంటూ, డుగుడుగుమని చప్పుడు చేసుకుంటూ. చుక్కాని దగ్గర ఆమె మొగుడు త్రిమూర్తులు నిలబడి ఉంటాడు. ముప్ఫై ఏళ్ళవాడు, చంకలో బనీను చిరుగుతో సహా. ఆమెకేమో అరవై రెండు. తనకంటే అంత చిన్నవాడైపోయిన మొగుణ్ణి చూసి సిగ్గుపడి, కొంగు సర్దుకునేలోపు లాంచీ ఆగిపోతుంది. చప్పుడు ఆగిపోవడంతోనే మెలకువ వచ్చేస్తుంది. ముప్ఫయ్యారేళ్ళుగా ఆ లాంచీ ఒక్కసారి కూడా ఆమెని దాటి ముందుకు వెళ్ళిన పాపాన పోలేదు.

ఆవేళ మెలకువ వచ్చేసరికి వాకిట్లో ఎవరో ఇనుము మీద ఇనుము పెట్టి కొడుతున్నారు. చూస్తే తమ్ముడు శ్రీరాములు. కారు బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి, పంచె ఎగ్గట్టి, ఏదో దేవుడికి సాష్టాంగపడుతున్నట్టు వంగి ఉన్నాడు.

ఆ కారు సంగతి చెప్పుకోవాలి. శ్రీరాములు నాలుగెకరాల కొబ్బరితోట ఉన్న ఆసామి. రెండేళ్ళ కిందట రామచంద్రపురంలో ఓ ధాన్యం వ్యాపారి ఏడేళ్ళు తిరిగి విసిగిపోయిన తెల్ల కారుని, పెళ్ళాన్ని అడక్కుండా, అక్కని అడక్కుండా కొనేసి ఇంటికి తోలుకొచ్చాడు. పలివెల గుడి దగ్గర పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. "బంగారం లాంటి బండి" అని ఊరంతా చాటాడు. సొంత బుద్ధితో కొన్నవాడికి కొనియాడక తప్పుతుందా?

ఆ బంగారం మూడుసార్లు దారిలో ఆగిపోయింది. అమలాపురం రోడ్డులో, కాలవ లాకు దగ్గర, మూడుసార్లూ అక్కడే. ఇరవై నిమిషాలు కదలదు మెదలదు. తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది.

ఆ మూడుసార్లూ కారు గేటు దాటుతుంటే ఎదురొచ్చింది వరహాలమ్మే. మొదటిసారి శ్రీరాములు బావమరిది గృహప్రవేశానికి రాజోలు వెళ్తున్నారు. ఆమె వీధి కుళాయి నుంచి బిందెతో వచ్చింది. బిందె నిండుదే, కానీ పట్టుకున్న మనిషి ముత్తయిదువ కాదాయె. రెండోసారి మరదలు అనురాధకి కళ్ళ పరీక్ష. వరహాలమ్మ పువ్వులు కోసుకుని వస్తోంది. మూడోసారి సంగతి మాత్రం వరహాలమ్మ తలుచుకోవడానికే ఇష్టపడదు. మేనకోడలు సత్యప్రియకి నొప్పులొచ్చిన రోజు. మొగుడు మస్కట్‌లో ఉన్నాడు పాపం, పురిటికని పుట్టింటికి వచ్చింది. అందరూ కంగారుగా కారెక్కారు. వాళ్ళు మరిచిపోయిన వేడినీళ్ళ ఫ్లాస్కు అందిద్దామని దొడ్డిదారిన పరిగెత్తి, గేటు దగ్గర సరిగ్గా కారుకి ఎదురు వెళ్ళి నిలబడింది వరహాలమ్మ. లాకు దగ్గర కారు ఆగిపోయింది. కొబ్బరికాయల వ్యాను వాడు ఎవరో దయతలిచి ఎక్కించుకోబట్టి సరిపోయింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ అందట.

ఇంత జరిగినా వరహాలమ్మని ఎవరూ ఒక్క మాటనలేదు. అదే వచ్చిన చిక్కు. అంటే పోట్లాడి ఉండేది. ఆమె నోరు మంచిదని ఆ ఊళ్ళో ఎవరూ పొరపాటున కూడా అనరు. మరదలు ఒక్కసారి చూసింది, అంతే. ఆ చూపైనా ఉందో లేదో! అనే మనిషి లేకపోయేసరికి తనని తానే అనుకోవడం మొదలెట్టింది. ఆ రోజు నుంచీ కారు తాళాల చప్పుడు వినిపిస్తే చాలు, దొడ్లో కొబ్బరి డొక్కల పోగు వెనక్కి వెళ్ళి నిలబడుతోంది. సత్యప్రియకి నెలల పిల్లప్పటి నుంచీ లాలపోసి, జోలపాడి, గోరుముద్దలు తినిపించి పెంచిన చెయ్యి అది. అటువంటిది తొమ్మిది రోజులై ఆసుపత్రికి వెళ్ళలేదు. "మోకాళ్ళ నొప్పులమ్మా" అని కబురంపింది. పసిదాన్ని చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. చూస్తే ఏమవుతుందోనని అదే ప్రాణం బిగుసుకుపోతోంది.

రేపు పొద్దున్న తల్లినీ పిల్లనీ ఇంటికి తీసుకొస్తారు. ఆ కారులోనే, ఆ లాకు మీదనుంచే.

"అక్కా! కాస్త టార్చిలైటు పట్టుకుందువు గాని, రా" అని శ్రీరాములు బానెట్ లోపల్నుంచే కేకేశాడు.

"ఆ బండి దగ్గరికి నేను రాను. వీధిలో ఎవర్నైనా పిలుచుకో."

"ఎండకి అందరూ తలుపులేసుకున్నారు. అనురాధ చూస్తే ఆసుపత్రిలో ఉందాయె. నువ్వు రాకపోతే రేపు మళ్ళీ లాకు దగ్గర కూచోవాలి, పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని. నీ ఇష్టం."

ఆ మాటతో లేచింది. టార్చిలైటు తీసుకుని, ఆమడ దూరంలో నిలబడి, ముఖం పక్కకి తిప్పుకుని వెలుగు మాత్రం కారు మీద వేసింది.

"ఏం పాడైందట?"

"సెన్సరు."

"సెన్సారా? అది సినిమాలకి కదరా?"

"సెన్సారు కాదే, సెన్సరు. ఇంజను తిరుగుతోందో లేదో కనిపెట్టి కబురు చెప్పే బుడిపె. అది కబురు చెప్పకపోతే లోపలి కంప్యూటరు, ఇంజను ఆగిపోయిందనుకుని పెట్రోలు కోసేస్తది."

"అదే కదా నేనూ అన్నది! వాళ్ళు ముద్దులు కోసేస్తారు, ఇది పెట్రోలు కోసేస్తోంది" అంది వరహాలమ్మ. తొమ్మిది రోజుల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి పరాచికం అది.

కనిపెట్టినవాడు కొత్తపేట మెకానిక్ ఇస్సాకు. కారు ఆగినప్పుడు ఆ బుడిపె మీద తడిగుడ్డ వేస్తే ఇంజను లేచిందట. "వేడెక్కితే మూర్ఛపోద్దండి, చల్లారితే లేచి కూచుంటదండి, ఆయ్" అన్నాడట. రాజమండ్రి నుంచి కొత్తది తెప్పించి చేతిలో పెట్టి, తను అత్తారింటికి ఓడలరేవు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ "పది నంబరు పానా ఒక్కటి చాలండి, మీరే మార్చేసుకోవచ్చండి" అని ధైర్యం మాత్రం చెప్పాడు. ధైర్యానిదేముంది, చెప్పినంత తేలిగ్గా చెయ్యి దూరాలిగా! ఆ బుడిపె ఇంజను వెనకాల, అడుగున, గొట్టాల మధ్య ఇరుకు సందులో ఉంది. శ్రీరాములువి కొబ్బరి డొక్క వలిచి వలిచి కాయలు కాసిన చేతులు. మణికట్టు దగ్గరే పట్టేస్తున్నాయి. రెండుసార్లు దూర్చి, చర్మం గీరుకుని, బండిని తిట్టి, బండి అమ్మినవాణ్ణి తిట్టి, చివరికి అరుగు మీద కూలబడ్డాడు.

"నా వల్ల కాదే" అన్నాడు చిన్నపిల్లాడిలా.

వరహాలమ్మ అతని చేతుల వంక చూసింది. తన చేతుల వంక చూసుకుంది. పుల్లల్లా ఉంటాయి. గాజులుంటే ఆ సందులో పట్టేవి కావు. ముప్ఫయ్యారేళ్ళుగా గాజుల్లేని చేతులాయె. "ముందు బ్యాటరీ తీగ ఊడదీశావా?" అనడిగింది.

"తీశాను. నీకెలా తెలుసు?"

"లాంచీ వాడి పెళ్ళాన్ని రా, వెధవా! లే, పక్కకి."

టార్చిలైటు తమ్ముడి చేతిలో పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, పానా పట్టుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఎండ దిగుతోంది. వాకిలంతా పెట్రోలు వాసన, పాత నూనె వాసన, దొడ్లో తడి డొక్కల వాసన కలిసిపోయాయి. ఆమె కళ్ళు మూసుకుంది. చూసినా లోపల కనిపించేదేమీ లేదు.

కళ్ళు మూసుకోగానే అది కారు కాకుండా పోయింది. కోటిపల్లి రేవు, లాంచీ అడుగున ఇంజను గది, చెవులు గింగురుమనే చప్పుడు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆమె చెయ్యి పట్టుకుని ఇంజను సందుల్లోకి నడిపించి, "కన్ను మూసుకో వరాలూ, చెయ్యే చూస్తుంది" అనేవాడు త్రిమూర్తులు. ఇప్పుడూ ఆ చెయ్యి తన చేతి మీద ఉన్నట్టే ఉంది. ఇది గొట్టం, వదిలెయ్. ఇది తీగ, జాగర్త. ఇదిగో, మర తల ఇదే. పానా దాని మీద కూర్చుంది. బిగిసి ఉంది. గట్టిగా లాగింది. క్రిక్కుమని ఒక్క మూలుగు మూలిగి వదిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా ఒక్కసారైనా గుర్తుకు రాని ముచ్చట. ఒకసారి పెళ్ళివారితో వెళ్తున్న లాంచీ నడిగోదారిలో ఆగిపోయింది. ఓ మూల కూర్చున్న ముసలావిణ్ణి చూసి, తెల్లచీర కట్టుకున్నావిడ ఎక్కబట్టే ఇలా అయిందని పెళ్ళివారంతా గొణుగుడు మొదలెట్టారు. ఆవిడ తల దించుకుని నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది. అడుగు నుంచి త్రిమూర్తులు నూనె చేతులు తుడుచుకుంటూ పైకొచ్చి అందరికీ వినబడేట్టు అన్నాడు. "ఇంజనుకి మొహాలు కనబడవండీ. దానికి నూనె కనబడద్ది, నీళ్ళు కనబడతాయి, అంతే."

ఆ మాట విని అప్పుడు కిలకిలా నవ్విన పాతికేళ్ళ పడుచుకి, తనే ఓ రోజు ఆ మూల కూర్చుంటానని తెలియదు. మొగుడు కామెర్లతో పోయాక, ఆ మాట కూడా అతనితోపాటే పోయింది.

"అక్కా, ఏడుస్తున్నావా?"

"పెట్రోలు ఘాటు. లైటు సరిగ్గా పట్టు."

బుడిపెని అటూ ఇటూ మెలితిప్పింది. మొండికేసింది. బుజ్జగించి మళ్ళీ తిప్పింది. చివరికి చిగుళ్ళోంచి పన్ను ఊడినట్టు ఊడి చేతిలోకొచ్చింది. నల్లగా, నూనె ఓడుతూ, బొటనవేలంత ఉంది.

"ఇంతా చేసి ఇదా! ఇదేనట్రా నా మొహాన్ని మొహం కాకుండా చేసింది?"

శ్రీరాములు టార్చిలైటు ఆర్పేశాడు. కాసేపు దాని మీటతో ఆడుకున్నాడు. "అక్కా, ఒక మాట చెప్తాను. తిట్టకూడదు."

"తిట్టే మాటైతే తిడతాను. చెప్పు."

"బండి మూడుసార్లు కాదే ఆగింది. ఏడుసార్లు."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

"నాలుగుసార్లు నేనొక్కణ్ణే వెళ్ళినప్పుడు ఆగింది. ఓసారి నువ్వు అసలు ఊళ్ళోనే లేవు, అంతర్వేది తీర్థానికెళ్ళేవు. ఇక్కణ్ణుంచి లాకు దాకా వెళ్ళేసరికి బాగా వేడెక్కుద్ది కదా, అందుకే అక్కడ ఆగుద్ది. ఎవరెదురొచ్చినా ఆగుద్ది, రాకపోయినా ఆగుద్ది."

"ఆ నాలుగుసార్లూ ఇంటికొచ్చి ఏం చెప్పేవు?"

"స్నేహితుడు కనబడ్డాడు, టీ తాగుతూ కూచున్నానన్నాను." శ్రీరాములు తలెత్తలేదు. "అడక్కుండా కొన్న బండి కదే. దారిలో ఆగిందంటే అనురాధ నవ్వుద్దని..."

చూశారా మగాడి పరువు! కాకి వాలడం, తాటిపండు పడటం మూడుసార్లు అందరూ చూశారు. కాకి లేకుండా నాలుగుసార్లు పడటం చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు నోరు కట్టేసుకున్నాడు.

"నీ జిమ్మడిపోనూ!" అంది వరహాలమ్మ. ఆ గొంతుకి గూట్లో కోడి రెక్కలు కొట్టుకుంది. "నీ బండికి పేరు పోతుందని నా నెత్తిన పెట్టేవట్రా? తొమ్మిది రోజులై డొక్కల పోగు వెనకాల దాక్కుంటున్నాను, చూస్తున్నావు! పసిదాని మొహం చూడకుండా అన్నం ఎలా సయిస్తోందో ఒక్క పూట అడిగేవా? నువ్వు పుట్టినప్పుడు నిన్ను ముందు ఎత్తుకున్నది నేను రా! అప్పుడు పనికొచ్చిన మొహం ఇప్పుడు బండి ఆపేదైందా?"

"నేనెప్పుడూ నిన్ను అనలేదే."

"అనలేదు. కాదనీ అనలేదు."

శ్రీరాములు, యాభై దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆమె కూడా ఏడ్చింది, పెట్రోలు మీద నెపం పెట్టకుండానే. ఏడుపు అయ్యాక ముక్కు చీది, "కొత్తది ఇలా ఇయ్యి" అంది.

రబ్బరు ఉంగరానికి రెండు చుక్కల నూనె రాసి, బుడిపెని మళ్ళీ ఆ చీకటి సందులోకి తీసుకెళ్ళి, చేత్తోనే చూసుకుంటూ కూర్చోబెట్టింది. మర బిగించింది. తీగ తగిలించింది. క్లిప్పు టక్కుమంది. పాత బుడిపెని మాత్రం పారెయ్యలేదు. పిడికిట్లో పెట్టుకుంది.

శ్రీరాములు బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. ఇంజను లేచింది. అరగంట దాటింది, ముప్పావుగంట అయింది. వేడెక్కి పంకా తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. ఇంజను మాత్రం ఆగలేదు. "చూశావా? ఇదివరకైతే ఈపాటికి ఆగేదే" అన్నాడు.

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అంది వరహాలమ్మ. "లాకు దాటనీ, చూద్దాం." తెలుసుకోవడం వేరు, నమ్మడం వేరు. ఆమె తలకి తెలిసింది గాని కాళ్ళకి ఇంకా తెలియలేదు.

అందుకే మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి తాళాల చప్పుడు వినగానే ఆ కాళ్ళు ఆమెని అడక్కుండానే డొక్కల పోగు వెనక్కి తీసుకుపోయాయి. కారు స్టార్టయింది. గేటు దాకా వెళ్ళింది. ఆగింది. అంతలో హారన్. మళ్ళీ హారన్. ఊరు ఊరంతా లేచేట్టు హారన్.

"అక్కా! నువ్వు ఎదురొస్తేగాని బండి కదలదు!" అని కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచాడు శ్రీరాములు.

"ఎవరైనా వింటారు, వెళ్ళరా!"

"వినాలనే అరుస్తున్నాను! రా!"

ఏం మనిషమ్మా, మొండిఘటం! ఆమె దొడ్డిదారిన సందు చుట్టి వీధిలోకొచ్చి, గేటుకి ఎదురుగా నిలబడింది. పిడికిట్లో పాత బుడిపె. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముత్తయిదువలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వరహాలమ్మ తల ఎత్తుకుని, కారు ముక్కు వైపుకి ఏడు అడుగులు నడిచింది. శ్రీరాములు ఆమెకి దణ్ణం పెట్టి మరీ గేరు వేశాడు. దుమ్ము లేచింది, సర్దుకుంది.

పన్నెండింటికల్లా వస్తామన్నాడు. పన్నెండైంది. వంట చేసి, వాకిలి మళ్ళీ ఊడ్చి, దిష్టి తియ్యడానికి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి పెట్టింది. ఒంటిగంటైంది. ఆగిందా? ఆగే ఉంటుంది. పచ్చిబాలింత, పదిరోజుల పిల్ల, ఎండలో లాకు దగ్గర... ఎందుకెళ్ళాను ఎదురు! వాడు పిలిస్తే మాత్రం నా బుద్ధి ఏమైంది! అరుగు మీద స్తంభానికి చేరగిలబడి, బుడిపెని పిడికిట్లో నలుపుతూ వీధి చివరికి చూస్తూ ఉంది. చూసి చూసి కళ్ళు మంటలెక్కి, ఎప్పుడు మూతలు పడ్డాయో పడ్డాయి.

కొబ్బరిచెట్ల మధ్య నుంచి లాంచీ వచ్చింది. మట్టల నీడల మీద తేలుకుంటూ వచ్చింది. చుక్కాని దగ్గర త్రిమూర్తులు. ఆమె ఈసారి కొంగు సర్దుకోలేదు. లాంచీ దగ్గరికొచ్చింది, పక్కనుంచి వెళ్ళింది, ఆమెని దాటింది. త్రిమూర్తులు వెనక్కి తిరిగి చూసి నూనె చెయ్యి ఊపాడు. లాంచీ ఆగలేదు. ఆమెకి మెలకువ వచ్చింది. వచ్చినా చప్పుడు పోలేదు. ఇంకా దగ్గరికొస్తోంది.

గేటు ముందు తెల్ల కారు.

దిగ్గున లేచి దొడ్డివైపు పరిగెత్తబోయింది. అలవాటు చెడ్డది.

"వదినగారూ!" అని కారులోంచి అనురాధ పిలిచింది. "ఎక్కడికండీ? ఇటు ఎదురు రండి!"

వరహాలమ్మ గడప మీదే నిలబడిపోయింది. ఆ ఇంట్లో ఆ మాట తనతో అన్నవాళ్ళు, పొద్దున్న తమ్ముడు తప్ప, ఈ ముప్ఫయ్యారేళ్ళలో ఎవరూ లేరు. "ఇంతసేపైందేం? లాకు దగ్గర ఆగిందా?" అంది.

"ఆగలేదండి. ఈయనే ఆపేరు." అంది అనురాధ కారు దిగుతూ. "చెట్టు నీడన ఆపి, ఏడుసార్ల సంగతీ మొత్తం చెప్పేరు. టీలు తాగిన సంగతి కూడా చెప్పేరు. ఆ మూడోసారి నేనూ మనసులో ఒక మాటనుకున్నానండి వదినగారూ. నోటితో అనలేదు గాని అనుకున్నాను. మీ కాళ్ళు పట్టుకోవాలి."

"ముందు పిల్లని దింపండర్రా, ఎండ" అంది వరహాలమ్మ.

"నేను దిగను" అంది వెనక సీట్లోంచి సత్యప్రియ. "అత్త ఎదురొస్తేనే దిగుతాను. మోకాళ్ళ నొప్పులని కబురంపుతావా, నాకు? నడువు, చూస్తాను!"

వరహాలమ్మ నడిచింది. కారు తలుపు దగ్గరికి వెళ్ళి వంగింది. పాతచీర మడతల్లో ఎర్రటి మొహం, నుదుటి మీద ముడతలు, అచ్చం శ్రీరాములు పుట్టినప్పటి మొహమే. ఆ మొహం కళ్ళు తెరిచి ఆమె వంకే చూస్తోంది. ముట్టుకోకుండా ఉండలేకపోయింది. వేలితో బుగ్గ తాకింది.

బుగ్గ మీద నల్లటి చుక్క పడింది.

"అయ్యో, నా చెయ్యి! పాత బుడిపె నూనె!" అని ఆమె వెనక్కి లాక్కుంది. అనురాధ కొంగు తీసి తుడవబోయింది. సత్యప్రియ తల్లి చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఉండనీ అమ్మా. దిష్టిచుక్క. అత్త పెట్టింది."

ఎర్రనీళ్ళ పళ్ళెం అరుగు మీద అలాగే ఉంది. శ్రీరాములు స్టీరింగు మీద తల ఆనించుకుని కూర్చున్నాడు. ఇంజను ఆపాలన్న సంగతి ఎవరికీ తోచలేదు, అది అలా ఆడుతూనే ఉంది.